సుజాతక్క ఎలుకలు, మేం కొట్టిన టెలిగ్రామ్

నిన్న పొద్దున సూర్యాపేట నుంచి బావ ఫోన్. సుజాతక్క ఇక లేదట. హార్ట్ ఎటాక్.

బావ మాట పూర్తి కాకముందే "అబద్ధం!" అని అరిచాను.

అక్క మా పెదనాన్న కూతురు. నిన్నటి నుంచి మన మిర్యాలగూడ గ్రూపుల్లో ఒకటే పోస్టులు. "గొప్ప సైంటిస్ట్", "మన ఊరి గర్వం" అని.

సిగ్గు లేదూ మనకు?

తొంభైల మొదట్లో అక్క హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేస్తుంటే ఏమన్నాం? మాది రైస్ మిల్లు ఇల్లు. "మనం మందు పెట్టి ఎలుకలను సంపుతుంటే, నీ బిడ్డ వాటికి సూదులేసి బతికిస్తదా?" అని పెదనాన్నను ఎగతాళి చేయనివాడు లేడు.

ఆమె చేసింది ఇదీ. రోగంతో పోరాడే కణాలను ఒక ఎలుక నుంచి తీసి, కేన్సర్ గడ్డ ఉన్న ఎలుకకు ఎక్కించేది. గడ్డ పెరగడం నెమ్మదిస్తుందా అని రోజు విడిచి రోజు కొలిచేది. కొలత తప్పకూడదు, కొలిచే చెయ్యి మారకూడదు.

నెమ్మదించింది!

ఎస్టీడీ బూత్ నుంచి మిల్లుకు ఫోన్ చేసి ఒకటే అరుపులు. "ఎక్కిచ్చిన ఎలుకలకు గడ్డ కందిగింజంతనే ఉన్నది తమ్మీ! మిగతావాటికి రేగుపండంత అయింది!"

ఆ వారమే కోదాడ వాళ్లు పెళ్లిచూపులకు వస్తామన్నారు. పిలిస్తే రాదని అందరికీ తెలుసు. "మదర్ సీరియస్, స్టార్ట్ ఇమ్మీడియట్లీ" అని టెలిగ్రామ్ కొట్టమన్నాడు పెదనాన్న.

పోస్టాఫీసుకు వెళ్లి కొట్టింది నేనే. నవ్వుకుంటూ కొట్టాను.

అక్క ఏడ్చుకుంటూ బస్సు దిగింది. ఇంట్లో పెద్దమ్మ బజ్జీలు వేస్తోంది. అక్క వాళ్లమ్మ చెంపలు తడిమి చూసింది. అక్కడే కూలబడి, "ఇగ గాడ ఎలుకలను ఎవలు కొలుస్తరు?" అంది.

అందరం నవ్వాం. నాలుగు రోజులు పంపలేదు.

పైగా ఆ సంబంధం కూడా కుదరలేదు.

మధ్యలో కొలతలు తప్పడంతో ఆ ఎలుకల బ్యాచ్ మొత్తం వేస్ట్. మళ్లీ మొదలుపెట్టి ముగించేలోపే ఫెలోషిప్ అయిపోయింది. పీహెచ్‌డీ సగంలో ఆగింది. రిటైరయ్యేదాకా సూర్యాపేటలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పింది.

పోయిన నెల వాళ్లింటికి వెళ్లాను. కేన్సర్ రోగి కణాలనే బయటికి తీసి, బలం పెంచి, తిరిగి ఎక్కించే చికిత్స గురించి టీవీలో వస్తోంది. "జర ఊకోండ్రి, విననియ్యుండ్రి" అని వాల్యూమ్ పెంచింది. చివరిదాకా చూసింది. "మంచిగ చేస్తున్నరు" అంది. అంతే. నా మొహం వైపు చూడలేదు.

ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది. నేనూ క్షమించమని అడగలేదు. అడిగే మొహం నాకెక్కడిది?

దయచేసి "మన ఊరి గర్వం" అని రాయకండి. ఒళ్లు మండుతోంది. ఎక్కువగా నా మీదే.

అక్కా, ఇప్పుడైనా నీ మనసుకు నెమ్మది దొరకాలి. ఇక నిన్ను ఎవరమూ అబద్ధం చెప్పి పిలవం.