సందూక కింది చుక్కలు

మొన్న మా కోడలు నా ఫోనుకు బ్రెయిలీ డిస్‌ప్లే అనే పరికరాన్ని జతచేసి, ఒళ్ళో పెట్టి, వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఫోనులోని వాక్యం దాని మీద చుక్కలుగా పైకి లేస్తుంది. వేలితో చదివి మీట నొక్కగానే ఆ చుక్కలు అణిగి, తర్వాతి వాక్యానివి లేస్తాయి. పుట్టుకతో చూపులేని నాకు ఇందులో అర్థంకానిదేమీ లేదు. అయినా చుక్కలు అణిగిన ప్రతిసారీ చెయ్యి ఉలిక్కిపడుతూనే ఉంది. దానికి కారణం మా అమ్మ.

డెబ్బైల మొదట్లో శాలిబండలో మాది రెండు గదుల ఇల్లు, బాపు బస్సు డిపోలో ఫిట్టరు. మెట్రిక్ గట్టెక్కితే టెలిఫోన్ ఆపరేటరు ఉద్యోగం దొరకవచ్చని, లేదంటే బెత్తం కుర్చీలు అల్లుకోవలసిందేనని మా సారు చెప్పారు. ఆ అల్లకం నాకు బొత్తిగా చేతకాదు. ఆ రోజుల్లో పాఠ్యపుస్తకాలు బ్రెయిలీలో ఎక్కడ దొరికేవి? బాపుకు ఉర్దూ తప్ప చదవడం రాదు, అమ్మకు ఏదీ రాదు. అందుకని సాయంత్రాలు అక్క పాఠాలు పైకి చదువుతుంటే నేను దళసరి కాగితాన్ని ఇనుప పలకకు బిగించి, పిడిసూదితో కుడినుంచి ఎడమకు ఒక్కొక్క చుక్కే పొడుచుకునేవాణ్ణి. కాగితం తిప్పితే చుక్కలు పైకి తేలి, ఎడమనుంచి కుడికి వేలికి అందేవి. ఏడాది పొడుగునా అదే టకటక. పక్కింటి ఖాలా గోడ అవతలినుంచి "క్యా బేటా, కుట్టుడు ఇంక కాలేదా?" అని వేళాకోళం చేసేది.

పరీక్షకు కొద్ది వారాల ముందు అక్క పెళ్ళి కుదిరింది, చుట్టాలు దిగారు. చుక్కలు పొడిచిన కాగితాలు దొంతర పెడితే పూరీల్లా ఉబ్బి కూర్చుంటాయి, ఇంట్లోనేమో అడుగు పెట్టే చోటు లేదు. పట్టుచీరలను పరుపు కింద పెట్టి మడతలు తీర్చే అమ్మ, వాటినీ అంతే శ్రద్ధగా గుడ్డలో చుట్టి, ఇత్తడి సామాను నిండిన సందూక పెట్టె కింద పెట్టింది. అక్క బహదూర్‌పురాలోని అత్తారింటికి వెళ్ళాక "సూడు బిడ్డా, ఎంత సాపుగైనయో" అని మురిసిపోతూ కట్ట నా చేతికిచ్చింది. సాపుగానే ఉన్నాయి. అంచుల్లో తప్ప ఎక్కడా చుక్క తగల్లేదు.

సంగతి తెలిశాక నేను ఏడ్చినట్టు గుర్తులేదు, అమ్మ మాత్రం ఏడ్చింది. కొత్తగా కాపురానికి పంపిన ఆడపిల్ల ఇంటికి పిలవకుండా తల్లి వెళ్ళకూడదని పట్టింపు, ఇలాంటివాటిలో అమ్మ మహా గట్టి. అలాంటిది, మర్నాడే నన్ను బహదూర్‌పురా బస్సెక్కించి, వియ్యపురాలి ముందు నిలబడింది. "తప్పు నాదే వదినా. పిల్లగాని చదువు నేనే సందూక కింద పెట్టి అణగదొక్కిన. పరీక్షలయ్యేదాక నీ కోడలితోని జర చదివిపియ్యి" అని అడిగింది. అమ్మ అలా బతిమాలుతుంటే నాకు పరీక్ష పోతే పోయిందనిపించింది.

"గిదానికి గంత ఫికరెందుకు వదినా? పనులైనంక కూసొని చదువుతది. నేను గూడ వింట" అంది ఆవిడ. అన్నట్టే విన్నది కూడా. పరీక్షలనాటికి జీర్ణకోశం గురించి ఆవిడకు నాకన్నా ఎక్కువే తెలుసు.

నేను గట్టెక్కాను, ఆపరేటరునయ్యాను, రిటైరయ్యేదాకా అదే ఉద్యోగం చేశాను. ఆ రోజు తర్వాత అమ్మ నా కాగితాలను పేర్చనివ్వలేదు. ఉతికిన బట్టల్లా ఒక్కొక్కటే దండెం మీద వేలాడదీసేది, ఖాలా నవ్వినా పట్టించుకునేది కాదు. ముసలితనంలో కూడా, నా కాగితాల మీద ఎవరైనా చాయ్ కప్పు పెట్టబోతే ఇంటికప్పు ఎగిరేలా లొల్లి చేసేది.

ఈ పరికరంలో కాగితమే లేదు. అణిగిన చుక్కలు వాటంతట అవే లేస్తాయి, ఎవరూ చదివిపెట్టనక్కర్లేదు, ఎవరి గడపా ఎక్కి బతిమాలనక్కర్లేదు. కోడలు వచ్చి ఎలా ఉందని అడిగితే బాగుందన్నాను, అది నిజమే. ఇంత సుఖమైన చదువులో మా అమ్మకు చెయ్యడానికి ఏ పనీ మిగల్లేదని మాత్రం చెప్పలేదు.