ఆది కోటు

నా చిన్నప్పుడు మా పక్కింటి గరాజ్‌లో ఐదు స్కూటర్లు చలికాలమంతా దుప్పట్లు కప్పుకుని నిద్రపోయేవి. మేముండేది లండన్‌లో. ఇంగ్లండులోది కాదు, కెనడాలో ఒంటారియోలోది. మా నాన్న ఇక్కడి ఆస్పత్రి ల్యాబులో పనిచేసేవాడు. తెనాలిలోని మా చుట్టాలు మాత్రం మేం రాణిగారి ఊళ్ళో ఉంటున్నామని అందరికీ చెప్పుకునేవాళ్ళట. మేమూ పనిగట్టుకుని సరిదిద్దలేదు.

ఆ గరాజ్ మా పక్కింటి అంకుల్‌ది. ఆయన చిన్నతనంలోనే తండ్రితో కలిసి ఇంగ్లండు నుంచి వచ్చేశాడు. ఆయనా, ఆయన స్నేహితులు నలుగురూ మాడ్‌లు. అంటే ఇటలీ స్కూటర్లకు ముందువైపు పది పన్నెండు అద్దాలు బిగించుకుని, ఒంటికి అతికినట్టుండే సన్నటి సూట్లు వేసుకుని తిరిగే మనుషులు. మంచు కురిసే దేశంలో స్కూటరేమిటని మా నాన్న నవ్వేవాడు. ఏడాదిలో ఆర్నెల్లు నడపలేని బండిని ఆ ఆర్నెల్లూ కూర్చుని తళతళలాడేలా తుడవడం నాకు మాత్రం గొప్పగా ఉండేది.

వాళ్ళకొక బ్యాండు ఉండేది. శనివారం మధ్యాహ్నాలు నిద్రపోతున్న స్కూటర్ల మధ్యనే ప్రాక్టీసు చేసేవాళ్ళు. సాక్సఫోను, ట్రంపెట్, గిటారు, డ్రమ్ములు. అంకుల్ ఆర్గన్ వాయిస్తూ పాడేవాడు. అమెరికా నల్లజాతి గాయకుల సోల్ పాటలంటే వాళ్ళకు ప్రాణం. సోల్ అంటే ఏమిటని అడిగితే, చర్చిలో దేవుణ్ణి పిలిచే గొంతుతో మనిషిని పిలవడం అని చెప్పాడు. పదకొండేళ్ళ పిల్లకు అదేం అర్థమవుతుంది? కానీ ఆ ట్రంపెట్ మోగితే మా వంటింట్లో గిన్నెలు తోముతున్న అమ్మ మడమ తనంతట తానే తాళం వేసేది. నేను చూస్తే ఆపేసేది.

అమ్మ పెళ్ళికి ముందు వాళ్ళ వీధి వీధంతటికీ జాకెట్లు కుట్టింది. ఇక్కడికొచ్చాక కుట్టించుకునే వాళ్ళే లేరు. బేస్‌మెంట్‌లో మిషను పెట్టుకుని నాన్న ప్యాంట్లు పొట్టి చేయడం, నా గౌన్లు పొడుగు చేయడం, అంతే. అలాంటప్పుడు ఒకరోజు అంకుల్ మా నాన్న కోటు భుజాలు చూసి, ఎవరు సరిచేశారని అడిగాడు. వాళ్ళకు కావలసిన సన్నటి కాలర్లు, మూడు గుండీల కోట్లు అప్పట్లో ఏ దుకాణంలోనూ దొరికేవి కావు. వసంతం రాగానే చుట్టుపక్కల ఊళ్ళ స్కూటర్లవాళ్ళందరూ మా ఊరొచ్చి కలుసుకుంటారనీ, ఆ సాయంత్రం హాల్లో తమ బ్యాండు వాయిస్తుందనీ, అప్పటికి ఐదుగురికీ ఒకేలాంటి సూట్లు కావాలనీ చెప్పాడు. ముందు తనది కుట్టి చూపించాలి. నచ్చితే మిగతా నలుగురివీ అమ్మకే.

ఈ మాటలన్నీ నేనే అమ్మకు తెలుగులో చెప్పాను. అమ్మ చెప్పినవి ఆయనకు ఇంగ్లీషులో చెప్పాను. కొట్టుకు వెళ్ళినా, డాక్టరు దగ్గరకు వెళ్ళినా నేనే అమ్మకు నోరు. ఆ పెత్తనం నాకు బాగా తలకెక్కింది. అప్పుడప్పుడు అమ్మ రెండు ముక్కలు చెబితే నేను నాలుగు కలిపి చెప్పేదాన్ని. ఎవరు పట్టుకుంటారు?

అమ్మ ఒప్పుకుంది కానీ ఒక షరతు పెట్టింది. టేపు పట్టుకుని పరాయి మగవాళ్ళ ఛాతీలు కొలవడం తన వల్ల కాదంది. మన దగ్గర జాకెట్టు కుట్టించుకోవాలంటే సరిగ్గా సరిపోయే పాత జాకెట్టు ఒకటి ఇస్తాం కదా, దాన్నే ఆది అంటాం. అలాగే ఆయనకు అతికినట్టుండే కోటు ఒకటి ఆది ఇమ్మంది. మిగతా కొలతలు నాన్న తీస్తాడంది. అంకుల్‌కు ఈ పద్ధతి భలే నచ్చింది. మర్నాడే ముదురు నీలం కోటొకటి రెండు చేతుల మీదా పెట్టుకుని తెచ్చాడు. అది వాళ్ళ నాన్నది. ఇంగ్లండులో కుర్రతనంలో కుట్టించుకున్నదట. ఆయన అంతకుముందు చలికాలమే పోయాడు. అది కొడుక్కి అచ్చంగా సరిపోయేది. ఆ కోటును అమ్మ పాత చీరలో చుట్టి బీరువాలో పెట్టింది. ఆది బట్ట అంటే అమ్మకు పసిపిల్లతో సమానం, దాని మీద ఈగ వాలనిచ్చేది కాదు.

మూడో రోజు అమ్మ నాన్నతో బజారుకు వెళ్ళినప్పుడు నేనా కోటు తీసి తొడుక్కున్నాను. నా క్లాసు అమ్మాయిలు ఇద్దరికి, ఈ బ్యాండువాళ్ళు మా వాళ్ళేనని గొప్పలు చెప్పి ఉన్నాను. రుజువు చూపించాలిగా మరి, ఆ ఇద్దర్నీ పిలిచాను. కోటు నా మోకాళ్ళ కిందకు వేలాడుతోంది. మంచు కరగడంతో అంకుల్ అప్పుడే మొదటిసారి స్కూటరు తిప్పి తెచ్చి వాకిట్లో పెట్టి లోపలికి వెళ్ళాడు. నేను దానిమీద కూర్చుని అన్ని అద్దాల్లోనూ నన్ను నేను చూసుకున్నాను. ఇంతలో తలుపు చప్పుడైంది. ఆ ఇద్దరూ పరుగు లంకించుకున్నారు. నేను దిగి వెనక చక్రం పక్కన నక్కి కూర్చున్నాను. అంకుల్ వచ్చి ఉత్తరాల పెట్టె చూసుకుని వెళ్ళిపోయేదాకా ఊపిరి బిగబట్టాను. ఉన్ని కాలిన వాసన ముక్కుకు తగిలాక గానీ, కోటు వెనక అంచు సైలెన్సర్ గొట్టానికి అంటుకుని ఉందని నాకు తెలియలేదు. అరచేతిలో సగమంత మేర గుడ్డ నల్లగా కమిలిపోయింది.

ఇంటికి వచ్చి, కాలిన వైపు లోపలికి మడిచి, చీర చుట్టి, ఎక్కడిదక్కడ పెట్టేశాను. ఆది తీసుకోవడం అప్పటికే అయిపోయింది కాబట్టి అమ్మ మళ్ళీ ఆ మూట విప్పలేదు. రెండు రోజులు తేలు కుట్టిన దొంగలా ఇంట్లో తిరిగాను.

కొత్త కోటు తొడిగి చూసుకోవడానికి అంకుల్ వచ్చాడు. అమ్మ ముందుగా ఆది తిరిగి ఇచ్చేయాలని మూట విప్పి కోటు దులిపింది. ఆ మచ్చ ఇద్దరూ ఒకేసారి చూశారు. ఆయన కోటు అందుకుని అక్కడ వేలితో తడిమాడు, ముఖానికి దగ్గరగా పెట్టుకున్నాడు. తర్వాత నావైపు తిరిగి, ఇదెలా జరిగిందో మీ అమ్మను అడుగు అన్నాడు. అమ్మ కూడా నన్నే చూస్తూ, ఇదేమిటే, ఎలా కాలింది అంది.

ఇద్దరి మధ్యా నేనొక్కదాన్నే ఉన్నాను. ఒకరి మాట ఇంకొకరికి చేరాలంటే నా నాలుక మీదుగానే వెళ్ళాలి. ఆ ధైర్యమే నాచేత ఆ పని చేయించింది. అమ్మతో, పాత కోటు కదా, ముందే కాలి ఉందంట, ఫరవాలేదంటున్నాడు అని తెలుగులో చెప్పాను. ఆయనవైపు తిరిగి, ఇస్త్రీ చేస్తుంటే మా అమ్మ కాల్చేసిందట అని ఇంగ్లీషులో చెప్పాను. ఎక్కడా తడబడలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకు అసహ్యం వేస్తుంది.

అమ్మ నన్ను ఒక్క క్షణం చూసింది. చీర కొంగు సర్దుకుని ఆయన ఎదురుగా నిలబడింది.

"మై మిస్టేక్," అంది. "ఐ యామ్ సారీ. ఐ విల్ రిపేర్."

అమ్మ నోట ఇంగ్లీషు వాక్యం వినడం నాకదే మొదలు. మాట తడుముకుంటూ వచ్చింది కానీ తప్పు లేకుండా వచ్చింది. ఇన్నేళ్ళూ టీవీ ముందు బఠానీలు ఒలుస్తూ, నా హోంవర్కు పక్కన కూర్చుని, అన్నీ వింటూనే ఉందన్నమాట. మాట్లాడకపోవడానికి కారణం కూడా నాకు అప్పుడే గుర్తొచ్చింది. ఒకసారి కొట్టులో తను పలికిన మాటకు నేను పగలబడి నవ్వాను. ఆ తర్వాత తను మళ్ళీ ప్రయత్నించలేదు.

అంకుల్ తల ఊపాడు. మిగతా నాలుగు సూట్ల సంగతి తన స్నేహితులను కనుక్కుని శుక్రవారం చెబుతానన్నాడు. ఆ మాట నాతో కాదు, అమ్మతోనే అన్నాడు. ఆయన వెళ్ళాక అమ్మ మిషను మీది కత్తిరింపులు ఒక్కొక్కటిగా మడిచి పక్కన పెట్టింది. నేను దెబ్బ కోసం ఎదురుచూస్తూ గోడకు ఆనుకుని నిలబడ్డాను. కొట్టి ఉంటే బాగుండేది.

"నా నోరు నీ చేతికిచ్చాను కదే," అంది మెల్లగా. "దాంతో నామీదే చెప్పావా?"

రాత్రి భోజనాల దగ్గర నాన్నకు విషయం తెలిసింది. పోయిన తండ్రి కోటు నమ్మి ఇస్తే ఆ మాత్రం జాగ్రత్త ఉండక్కర్లేదా, ఈ దేశంలో నిన్ను నమ్మి పని ఇచ్చిన మొదటి మనిషి కదా అని అమ్మను గట్టిగానే కోప్పడ్డాడు. అమ్మ తల వంచుకుని నా కంచంలో పప్పు వడ్డించింది. నాన్నతో కూడా తనే కాల్చానని చెప్పింది. పరాయివాడి ముందు కూతుర్ని దొంగను చేయలేక తప్పు నెత్తిన వేసుకుందని అనుకున్నాను గానీ, ఇంట్లో కూడా నన్ను కాపాడుతుందని అనుకోలేదు. ఆ సూట్లు చేజారితే అమ్మ మళ్ళీ ప్యాంట్లు పొట్టి చేసుకుంటూ కూర్చోవాలి. చేతిపని చేతగాని మనిషని పేరు కూడా పడుతుంది. నేను నోరు విప్పితే తప్ప అది ఆగదు.

శుక్రవారం దాకా ఉండలేకపోయాను. మర్నాడు బడి నుంచి వస్తూనే గరాజ్‌లోకి వెళ్ళాను. కార్యక్రమం దగ్గర పడుతోందని రోజూ ప్రాక్టీసు చేస్తున్నారు. నన్ను చూసి అంకుల్ చెయ్యి ఎత్తితే పాట సగంలో ఆగింది. ఐదుగురి ముందూ నిలబడి జరిగిందంతా చెప్పాను. కోటు, స్కూటరు, సైలెన్సర్, రెండు భాషల్లో ఆడిన రెండు అబద్ధాలు. డ్రమ్ములు వాయించే ఆయన తల దించుకుని తన పుల్లలనే చూస్తూ కూర్చున్నాడు.

అంకుల్‌కు కోపం రాలేదు. ఇస్త్రీపెట్టె కాలిస్తే బట్టకు ఆయిల్ వాసన రాదు, నాకు ఆ రోజే తెలుసు అన్నాడు. మరి అమ్మనెందుకు అలా వదిలేశారని ఏడుస్తూ అడిగాను.

"మీ అమ్మ నా కళ్ళలోకి చూసి, తప్పు తనదంది," అన్నాడు. "ఆవిడ అంత కష్టపడి చెప్పిన మాటను నేను అబద్ధం అనాలా? నువ్వు వస్తావేమోనని శుక్రవారం దాకా గడువు పెట్టాను."

అంటే ఆ రోజు ఆ గదిలో అమ్మ మోసపోలేదు, ఆయనా మోసపోలేదు. తెలివైనదాన్నని అనుకుంటూ నిలబడ్డ వెర్రిదాన్ని నేనొక్కదాన్నే. ఇంటికి వెళ్ళి నాన్నకు కూడా చెప్పాను. నాన్న లేచి వెళ్ళి అమ్మ పక్కన కూర్చుని కొత్త కోటుకు గుండీలు అందించడం మొదలుపెట్టాడు.

ఐదు సూట్లూ అమ్మే కుట్టింది. పాత కోటు లోపలి మడతలోంచి ముక్క తీసి, కాలినచోట పోగుపోగూ కలిపి రఫూ చేసింది. స్కూటర్లవాళ్ళు కలుసుకున్న సాయంత్రం హాలు బయట బారులుగా నిలబెట్టిన స్కూటర్ల అద్దాలన్నిటిలోనూ ఎండ మెరిసింది. లోపల ట్రంపెట్ మోగగానే మనుషులు ఊగిపోయారు. పాట మధ్యలో అంకుల్ మా అమ్మను చూపించి, ఈ సూట్లు ఈవిడ చేతివి అన్నాడు. తర్వాత దిగివచ్చి అమ్మతో మాట్లాడుతుంటే, అలవాటు కొద్దీ తెలుగులో చెప్పబోయాను. అమ్మ నావైపు చూడకుండానే ఆయనకు జవాబిచ్చింది. చిన్న చిన్న మాటలు, అక్కడక్కడా తప్పులు, అయినా సొంత నోటితో.

ఆ తర్వాత అమ్మ నన్ను ఎప్పుడూ మాట సాయం అడగలేదు. బ్యాంకుకు తనే వెళ్ళింది, డాక్టరుతో తనే మాట్లాడింది. ఎంత బాగా నేర్చుకుందోనని తెలుగువాళ్ళందరూ మెచ్చుకునేవారు. అది విన్నప్పుడల్లా నా తల వంగిపోయేది. అమ్మ నాతో ఏనాడూ ముభావంగా లేదు, పెళ్ళి చేసింది, పురుళ్ళు పోసింది, నా పిల్లల్ని పెంచింది. నోరు మాత్రం మళ్ళీ నా చేతికి ఇవ్వలేదు.

ఆరేళ్ళ కిందట అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు డాక్టరు వచ్చి, అమ్మ మగతలో ఉందనుకుని, ఇక వైద్యం వల్ల ఉపయోగం లేదనీ, నొప్పి తెలియకుండా చూడటమే మిగిలిందనీ మాతో చెప్పాడు. మంచం అవతల నుంచి, ఆ కోటు సంగతి జరిగాక పుట్టిన మా తమ్ముడు, అమ్మకు చెప్పొద్దని కళ్ళతో సైగ చేశాడు. మనవాళ్ళలో ఎవరైనా అదే చేస్తారు. అప్పుడు అమ్మ తల నావైపు తిప్పింది.

"ఏమంటున్నాడే?" అంది.

నలభై ఏళ్ళ తర్వాత వచ్చిన ప్రశ్న. తమ్ముడి సైగ చూశాను. అయినా ఆయన అన్నది అన్నట్టు, ఒక్క మాట తగ్గించకుండా, ఒక్క మాట కలపకుండా తెలుగులో చెప్పాను. అమ్మ అంతా విని కళ్ళు మూసుకుంది.

"నాకూ వినపడిందిలే," అంది కాసేపటికి. "నువ్వేం చెప్తావోనని అడిగా."

ఆ మాటలో కోపం లేదు. నా చెయ్యి కూడా వదల్లేదు. ఆ రోజు నేను నిజమే చెప్పాను, అందుకు నాకు సంతోషమే. కానీ కన్నతల్లి పోయేముందు కూడా నన్నొకసారి అడిగి చూసుకోవలసి వచ్చింది. ఇప్పుడు కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళ పెద్దల కోసం ఆస్పత్రిలో మాట సాయానికి వెళుతుంటాను. వాళ్ళకు ఇంగ్లీషు బొత్తిగా రాదని పిల్లలు ముందే చెబుతారు. నేను తల ఊపుతాను గానీ నమ్మను. ఆ పెద్దలకు అంతా అర్థమవుతోందనుకునే ప్రతి మాటా చెబుతాను.