కండెల బుట్ట మరిచిన యాభై మెగాహెర్ట్జ్

చీరాలలో ఒక నెమలి అంచు చీరల ఆర్డరును నేను చేతులారా ఎలా పోగొట్టానో చెబుతాను. నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

పాత కంప్యూటర్లకు ప్రాణం పోయడం నా పిచ్చి. నాలుగేళ్ళ కిందట, ఆ పిచ్చి నెత్తికెక్కి ఉన్న రోజుల్లో, చీరాల నుంచి నేత మిత్రుడు సాంబయ్య గుంటూరుకు ఫోన్ చేశాడు. వాళ్ళ నాన్న గీసిన చీర అంచుల గ్రాఫు కాగితాలు చెదలు తినేశాయి. మిగిలింది ఆయన వాడిన పాత కంప్యూటర్లోని బొమ్మలే. చెన్నై నుంచి ఒక చీరల షాపాయన వచ్చి నెమలి అంచును రకరకాల రంగుల్లో చూస్తాడట, నచ్చితే ఆర్నెల్ల పని. ఆ కంప్యూటరేమో రంగు మార్చినప్పుడల్లా అరగంట తీసుకుంటోంది.

"యాక్సిలరేటర్ కార్డు పెడితే పరిగెత్తదూ!" అన్నాను. పాత కంప్యూటర్లో గుచ్చితే, అసలు ప్రాసెసర్ బదులు తనే వేగంగా పనిచేసే పలక అది. నా దగ్గర రెండున్నాయి. ఒకటి యాభై మెగాహెర్ట్జ్, క్యాష్ చిటికెడు. రెండోది నలభై, క్యాష్ ధారాళం. క్యాష్ అంటే ప్రాసెసర్ పక్కనే ఉండే చిన్న మెమరీ. కావలసింది అందులో దొరక్కపోతే దూరంగా ఉన్న అసలు మెమరీ దాకా పోయి తెచ్చుకోవాలి. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ యాభైనే సంచిలో వేసుకున్నాను. గుంటూరు వాణ్ణి కదా, ఘాటెక్కువున్నదే గొప్ప.

చీరాలలో కార్డు పెట్టి, చిన్న తామరపువ్వు బొమ్మ రంగు మార్చి చూశాను. చిటికెలో మారింది.

"భలే అన్నా!" అన్నాడు సాంబయ్య. నేను మీసం ఒక్కటే మెలెయ్యలేదు.

షాపాయన వచ్చాడు. నెమలి అంచు తెరిచి రంగు మార్చమన్నాను. కంప్యూటర్ కదల్లేదు.

"ఇంకెంతసేపండీ?"

"ఐదు నిమిషాలండీ."

ఆ ఐదు నిమిషాలు నాలుగుసార్లు చెప్పాను. మూల కూర్చుని నాడెలో పెట్టే కండెలకు నూలు చుడుతున్న సాంబయ్య భార్య రమణమ్మ ఏమైందని అడిగింది. క్యాష్ చిన్నది, తామరపువ్వు పట్టింది గానీ నెమలి పట్టలేదని నసిగాను.

"అంటే అన్నయ్యగారూ, మా ఆయన మగ్గం మీద నాడె ఎంత జోరుగా అటూ ఇటూ ఆడించినా, పక్కన బుట్టలో రెండే కండెలుంటే, అయిపోయినప్పుడల్లా మగ్గం దిగి నా దగ్గరికి రావాలిగా. అట్టాగేనా?"

"అట్టాగేనమ్మా."

"మరి పెద్ద బుట్ట ఉన్న కార్డు లేదా?"

"ఉందమ్మా. గుంటూర్లో."

షాపాయన మర్యాదగా దణ్ణం పెట్టి పక్కవీధిలో ఇంకో నేతగాడి దగ్గరికి వెళ్ళిపోయాడు. సాంబయ్య నన్ను బస్టాండు దాకా దిగబెట్టాడు. తిట్టినా బాగుండేది, ఆ సాయంత్రం బస్సులో నాకు సిగ్గుతో తలెత్తబుద్ధి కాలేదు. ఆర్నెల్ల అన్నం అది, నా సరదా కాదు.

మర్నాడే ఆ నలభై కార్డు పట్టుకెళ్ళి పెట్టాను. టీ చల్లారేలోగా నెమలి ఏడు రంగులు మారింది.

సాంబయ్య కళ్ళార్పకుండా చూశాడు. "మా నాన్న చెయ్యే అన్నా ఇది. బ్రహ్మాండంగా ఉంది. ఇప్పుడెవరికి చూపిద్దాం?"

తప్పు నాదే. అందుకని మూత తీసే ఉన్న కంప్యూటర్లో ఆ కార్డు మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, ఇకమీదట రమణమ్మను అడగందే ఏ కార్డూ గుచ్చనని గంభీరంగా ప్రమాణం మొదలుపెట్టాను. సగంలోనే చెయ్యి చుర్రుమంది. కంప్యూటర్ ఆపడం మరిచిపోయాను.