ఖాలా ఇచ్చే మిస్డ్ కాల్

పొద్దున్నే రేడియోలో పూల ధరలు చదవడం నా పని. పర్మనెంట్ కాదు, పిలిస్తే వెళ్లే అనౌన్సర్‌ని. రాజేంద్రనగర్ అవతల చిన్న ప్రభుత్వ స్టేషన్ మాది. గదిలో నా మాట నాకు వినిపిస్తుంది గానీ, శంషాబాద్‌లో ఎవరికైనా వినిపిస్తోందా అంటే ఆ సంగతి చెప్పేది ఖాలానే.

ఖాలా అంటే శంషాబాద్ బస్టాండ్ దగ్గర పూలమ్మే పెద్దావిడ. నేను నమస్కారం చెప్పగానే మిస్డ్ కాల్ ఇస్తుంది. ఒక్కసారి మోగితే స్పష్టంగా వస్తున్నట్టు, రెండుసార్లు మోగితే గరగర. ఇన్నేళ్లలో ఇద్దరం ఒకరి ఫోన్ ఒకరు ఎత్తింది లేదు.

ఈ మధ్య పైనుంచి కొత్త విధానం దిగింది. స్థానిక కార్యక్రమాలు బంద్, ఢిల్లీ నుంచి వచ్చేదే ప్రసారం చేయాలి. ఊళ్ల అవసరాలు ప్రైవేటు ఎఫ్‌ఎంలు చూసుకుంటాయట. ఏం చూసుకుంటాయి, నా తలకాయ! ప్లాట్ల ప్రకటనలకే వాళ్లకి టైము చాలదు. ఒళ్లు మండిపోయింది. అయినా మా ఆఫీసరును బతిమాలుకున్నాను.

"పూల ధరలొక్కటి ఉంచుండ్రి సార్."

"నా చేతుల ఏమున్నదమ్మా? వీడ్కోలు గిట్ల చెప్పకు, మామూలుగనే ముగించు."

చివరి రోజు అలాగే ముగించి, కనీసం ఖాలాకైనా చెబుదామని బస్టాండుకు పరుగెత్తాను. అప్పటికే బుట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది. ఫోన్ చేశాను. ఎత్తలేదు. కాసేపటికి తనే ఒక్కసారి మోగించి పెట్టేసింది. బాగా వచ్చింది, అని. రోడ్డు మీదే ఏడ్చాను.

మర్నాడు నేను ఇంట్లో ఉన్నాను. ఫోన్ మోగింది. ఒకసారి, రెండుసార్లు, ఆగకుండా మోగుతూనే ఉంది. ఎత్తాను.

"బేటీ, నీ గొంతు వస్తలేదు. ఎవరో హిందీల మాట్లాడుతున్నడు. రేడియో ఖరాబైందని దుకాన్ల చూపిచ్చిన. మంచిగనే ఉన్నదంటున్నడు. మరి ఖరాబైంది ఏంది?"

మా కార్యక్రమం ఆపేశారని చెప్పబోయాను. ఖాలా వినిపించుకోలేదు.

"పోనీ తియ్యి. పూలు దించెటోడు ఎంతంటే గంత ఇచ్చిన. పరేషానుగ ఉన్నది. ఇయ్యాల చామంతి ధరెంత, జర చెప్పు."

ధరలు వచ్చేది స్టేషన్‌కి, నాకు కాదు.

"బేటీ, వినొస్తుందా?" అంటోంది ఖాలా.

"వినొస్తుంది ఖాలా," అన్నాను.