బస్సులో పట్టుకున్న చెయ్యి

మా యూనివర్సిటీ నాటక విభాగంలో ఏటా విద్యార్థులమే ఒక తమిళ నాటకం వెయ్యాలి. ఆ ఏడు నాది తల్లి పోయిన కూతురి పాత్ర. నా ఏడుపులో నిజం లేదనీ, ఇలాగే ఉంటే పాత్ర మరొకరికి ఇచ్చేస్తాననీ మా మాస్టారు అన్నారు. "తమిళ డైలాగుని ముందు మీ ఇంటి మాటలో చెప్పి చూడు" అని దారి చూపింది కూడా ఆయనే. మాది ఇంట్లో తెలుగు, బయటంతా తమిళం.

అందుకే కోవిల్‌పట్టిలో బస్సెక్కాక, ఇక్కడ తెలుగు ఎవరికి అర్థమవుతుందిలే అని కిటికీ వైపు తిరిగి గొణుక్కున్నాను.

"అమ్మా, నన్ను ఇడిసిపెట్టి యాడికి పోతివే?"

పక్క సీటులో ఉన్న పెద్దావిడ అంతదాకా కండక్టరుతో తమిళమే మాట్లాడింది. ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకుంది.

"ఏడవొద్దు పాపా. అమ్మ ఎప్పుడు పోయె?" అంది, అచ్చం మా ఇంటి తెలుగులో.

సిగ్గుతో చచ్చిపోయాను. "అయ్యో, మా అమ్మ బాగుండాది అవ్వా. ఇది కాలేజీ నాటకం."

ఆమె పకపకా నవ్వింది. చెయ్యి మాత్రం వదల్లేదు.

"నాటకమైతే ఏమి? చెయ్యి ఇంత సల్లగా ఉండాదే. బయమా?"

తలూపాను. సాత్తూరు దాటినా, విరుదునగర్‌లో తను దిగేదాకా అలాగే పట్టుకుని కూర్చుంది. ఆమె పేరడగాలని కూడా తోచలేదు. తలచుకుంటే ఇప్పటికీ దండం పెట్టాలనిపిస్తుంది.

నాటకం రోజున ఆ డైలాగు దగ్గర నా చెయ్యి తనంతట తానే పక్కకు చాచుకుంది. అక్కడ ఎవరూ లేరు. అప్పుడొచ్చింది ఏడుపు.