పెదనాన్న విల్లు బిగువు తగ్గించిన రోజు

మా పెదనాన్న పోయారని మంగళవారం పొద్దున పెద్దమ్మ ఫోన్ చేసింది. నేను ఏడవలేదు. బస్సెక్కి చోడవరం వెళ్లేసరికి ఇంటి ముందు జనం ఆయన్ని ముక్కుసూటి మనిషని పొగుడుతున్నారు. పోయినవాళ్లందరూ మంచివాళ్లే కదా. నోటి దురుసుకి అంత మర్యాదైన పేరుందని నాకు అప్పుడే తెలిసింది.

ఆయన వెదురుతో విళ్లు చేసేవారు. చెరకు నరికేసిన చేలో మా వీధి పిల్లలకి బాణం వేయడం నేర్పేవారు. వెదురు బద్దని సెగ మీద కాచి వంచడంలో ఆయనకి సాటి లేరు, అది ఒప్పుకుంటాను. నేర్పడంలో మాత్రం అంత కర్కోటకుణ్ణి నేను చూడలేదు. గురి తప్పితే చాలు, "అవి కళ్లా, కానుగ గింజలా?" అనేవారు.

నాకు పదిహేనేళ్లప్పుడు పోటీలకని ఒక విల్లు చేసిచ్చారు. అది నా భుజానికి మించిన విల్లు. తాడు గడ్డం దాకా లాగాలి, నాకు సగం దూరంలోనే చెయ్యి వణికిపోయేది. కొంచెం బిగువు తగ్గించమని బతిమాలాను.

"విల్లు తగ్గదే గుంటా. నువ్వే పెరగాలి," అన్నారు.

అదే వారం తన కొడుకు విల్లుని మాత్రం గాజుపెంకుతో గీకి తగ్గించారు. దూరం నుంచి నేను కళ్లారా చూశాను.

ఆ కోపంలో నేనే గాజుపెంకు పట్టాను. గీకాల్సింది ఏ వైపో తెలియదు. వెదురు పైన నున్నటి తొక్క ఉంటుంది, విల్లుకి బలమంతా అదే. నేను దాన్నే చెక్కేశాను. మర్నాడు చేలో తాడు లాగగానే ఫెళ్లుమని విరిగింది.

"తోలు వొలిసీసింది! దీని సేతికి ఇంకో విల్లు ఇవ్వను," అన్నారు అందరి ముందూ. ఇవ్వలేదు. పోటీలకి మిగతావాళ్లు వెళ్లారు. నేను ఆయనతో మాట మానేశాను. పెళ్లిళ్లలో ఎదురుపడినా తల తిప్పుకునేదాన్ని. ఇరవై ఏళ్లు అలాగే గడిచాయి.

నిరుడు ఆయనే రమ్మని కబురు పెట్టారు. నాలుగు మాటలు అనేద్దామనే వెళ్లాను. మనిషి సగమయ్యారు. ఒళ్లో తన సొంత విల్లు ఉంది.

"లాగలేకపోతన్నానే. సేతులు వణుకుతన్నాయి, గీకడానికీ అవట్లేదు. నువ్వు గీకు."

"విల్లు తగ్గదు, నువ్వే పెరగాలి అన్నావు కదా పెదనాన్నా?"

"అన్నాను. ఇప్పుడు నానెక్కడ పెరుగుతాను? గీకు. లోపలి వైపు. ఈసారైనా."

ఒళ్లు మండింది. అయినా కూర్చున్నాను. పై సగంలో పదిసార్లు గీకితే కింది సగంలోనూ పదిసార్లు గీకాలి. తాడు కట్టి, ఇరవైసార్లు లాగి, వంపు రెండు వైపులా ఒకేలా ఉందో లేదో చూసి మళ్లీ గీకాలి. ఆసాంతం తిడుతూనే ఉన్నారు.

"ఆత్రపడకు. తీసింది మరి అతకదు."

ఆ ముక్క నా విషయంలో ఆయనకి ముందే తెలిసుంటే బాగుండేది.

మధ్యాహ్నం దాటింది. లాగి చూడడం, చాలక "ఇంకా" అనడం. చివరికది పసిపిల్లలు ఆడుకునే విల్లంత మెత్తబడింది. అప్పటికి తాడు గడ్డం దాకా వచ్చింది. అలాగే లాగి పట్టుకుని, నా వైపు చూడకుండా అడిగారు.

"అప్పుడు నువ్వు తగ్గించమన్నాది ఇంతేనేటి?"

"ఇందులో పావు వంతు కూడా కాదు పెదనాన్నా."

తప్పయిందని ఆయన అనలేదు. పోయేదాకా అనలేదు. నేను క్షమించలేదు, ఇది రాస్తూ కూడా క్షమించలేదు. కాని నాకు విద్య నేర్పిన మనిషి ఎవరని అడిగితే ఆయన పేరే చెబుతాను, అందుకు నామీద నాకే కోపం.

బాణం లేకుండా తాడు వదిలేస్తే విల్లు దెబ్బతింటుంది. అందుకని మెల్లగా, చెయ్యి వణుకుతున్నా జారనివ్వకుండా, తాడుని వెనక్కి తెచ్చారు. విల్లు మళ్లీ ఒళ్లో పెట్టుకున్నారు. గడ్డం మీద తాడు ఒత్తుకున్న గీత ఎర్రగా అలాగే ఉంది.