ఆఠీన్ రాణిని పారేసే లెక్క

మొన్న ఢిల్లీ వసంత్ కుంజ్ మార్కెట్లో మందుల షాపతని చేతిలోంచి పౌడరు డబ్బా జారిపడి మూత ఊడిపోయింది. గుప్పుమని వాసన. "సారీ మేడమ్, అభీ సాఫ్ కర్తా హూఁ" అంటూ గుడ్డతో తుడుస్తున్నాడతను. నేను కొనాల్సిన మాత్రల పేరు మర్చిపోయి అక్కడే నిలబడిపోయాను. పౌడరు వాసనకి పేకముక్కలు గుర్తొచ్చేవాళ్ళు లోకంలో ఇంకెవరైనా ఉన్నారో లేదో! నాకు మాత్రం ముందు ముక్కలు, ఆ వెంటనే శేషగిరిరావు గారు గుర్తొస్తారు.

తొంభైల మొదట్లో గుంటూరు నుంచి వచ్చి ఢిల్లీలో ఒక ప్రభుత్వ ఆఫీసులో, గణాంకాల విభాగంలో చేరాను. ఆయన నా పై అధికారి. కాకినాడ మనిషి. ఢిల్లీలో నాకు తెలుగు మాట్లాడే దిక్కు వాళ్ళిల్లొక్కటే. ఆదివారం సాకేత్‌లో వాళ్ళింట్లో భోంచేశాక ఆయన, ఆయన భార్య అన్నపూర్ణ ఆంటీ, నేను చాప మీద రమ్మీకి కూర్చునేవాళ్ళం. వానాకాలం ఉక్కకి ముక్కలు ఒకదానికొకటి అతుక్కుపోయేవి. ఆంటీ వాటికి పౌడరు రాసి, కొంగుతో తుడిచి, చకచకా పంచేవారు. పందెం ఏమీ లేదు, ఓడినవాళ్ళు కాఫీ పెట్టాలి, అంతే.

సంభావ్యత అంటే ఏమిటో నాకు డిగ్రీలో ఒంటబట్టలేదు, ఆ చాప మీద పట్టింది. "ఐదూ ఏడూ పట్టుకుని ఆరు కోసం దణ్ణాలు పెట్టకు అమ్మాయ్. ఐదూ ఆరూ ఉంచుకో. నాలుగొచ్చినా నీదే, ఏడొచ్చినా నీదే" అనేవారు శేషగిరిరావు గారు. పారేసిన ముక్కల్ని గుర్తుపెట్టుకోమనేవారు. ఇంకా రావడానికి ఏమున్నాయో తెలియకుండా ఆశపడటం ఆయన దృష్టిలో సోమరితనం. ముక్కలు బాగా లేకపోతే మొదట్లోనే డ్రాప్ చెప్పి, చిన్న దెబ్బతో బయటపడమనేవారు. మామూలుగా ఎంతో పౌరుషం ఉన్న మనిషికి డ్రాప్ చెప్పడంలో మాత్రం ఏ నామోషీ ఉండేది కాదు.

ఆంటీది పూర్తిగా వేరే దారి. ఆఠీన్ రాణి చేతికొస్తే చచ్చినా వదిలేవారు కాదు.

"ఆ రాణికి జత రాదే! రాజు పోయాడు, జాకీ పోయింది. పారెయ్యి" అని ఆయన తల పట్టుకునేవారు.

"ఎర్రచీరలో ఎంత ముద్దుగా ఉందండీ! మీరే పారేసుకోండి మీ ముక్కలు" అనేవారావిడ.

ఒక్కోసారి ఆ రాణితోనే షో కొట్టి, పకపకా నవ్వేవారు. అప్పుడు చూడాలి ఆయన మొహం! "గెలిచావు గానీ తప్పాట ఆడావు. సరిగ్గా ఆడి ఓడినవాణ్ణి మెచ్చుకుంటాను, తప్పుగా ఆడి గెలిచినవాణ్ణి కాదు" అనేవారు. కాఫీ మాత్రం ఆయనే పెట్టేవారు.

తర్వాత ఆంటీకి ఆయాసం మొదలైంది. గుండెలో కవాటం పాడైందన్నారు. ఆపరేషన్ చేయించుకుంటే చాలామంది బాగుపడతారు, కొందరు బల్ల మీదే పోతారు; మందులతో నెట్టుకొస్తే ఇప్పటికి ఫర్వాలేదు గానీ, మనిషి రోజురోజుకీ కుంగిపోవడం ఖాయం. డాక్టరు చెప్పింది అదీ. శేషగిరిరావు గారు వారం రోజులు పుస్తకాలు తిరగేశారు, మరో ఇద్దరు డాక్టర్లని కలిశారు. ఆ ఆదివారం నేనక్కడే ఉన్నాను. ఎటు చూసినా ఆపరేషనే సరైనదని తేల్చి, ఆవిడకి ఓపిగ్గా వివరించారు.

ఆవిడ అంతా విని, "లెక్క సరేనండీ. మీకేమనిపిస్తోంది?" అని అడిగారు.

"అనిపించడానికేముందే? లెక్కలో ఉన్నదే అనిపిస్తోంది."

ఆవిడ నవ్వారు. "అయితే రాణిని పారేయమంటారు. సరే, ఈసారి మీ మాటే వింటాను" అన్నారు.

బల్ల మీదే పోయారు.

కర్మకాండలకి వచ్చిన ఆవిడ తమ్ముడు అందరి ముందూ "లెక్కలేసి చంపేశావు బావా" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఈయన మాత్రం, తిట్టేవాడు దొరికినందుకు ఊరట పడ్డట్టు, అతని చెయ్యి పట్టుకుని కూర్చున్నారు.

తర్వాత ఓ ఆదివారం మధ్యాహ్నం వెళ్తే చాప మీద ఒక్కరే ఉన్నారు. పేక ఉంది, పక్కన పౌడరు డబ్బా ఉంది. ముక్కలు అతుక్కుపోయి ఉన్నాయి. రాద్దామని డబ్బా అందుకోబోతే వద్దన్నారు.

"ఆడి చూశానమ్మాయ్. మళ్ళీ అవే ముక్కలు చేతికొస్తే మళ్ళీ అదే ఆడతాను. తప్పు చేసుంటే ఎంత బావుండేది! ఏడ్చేవాణ్ణి, ఆవిడ ఫోటో ముందు లెంపలేసుకునేవాణ్ణి. చెయ్యని తప్పుకి క్షమాపణ ఎవర్నడగను?"

నేను చాప మీద ఆయన ఎదురుగా కూర్చున్నాను. ఆయన మళ్ళీ అన్నారు. "సరైన ఆట అన్నది మళ్ళీ మళ్ళీ పంచుకుని ఆడేవాడికే. మొత్తం మీద గెలుస్తాడు వాడు. ఆవిడకి మొత్తం ఎక్కడుంది? ఉన్నది ఒక్కాట. ముప్ఫయ్యేళ్ళు ఈ పాఠం చెప్పి, ఆ ఒక్కటీ చెప్పలేదు నేను."

రిటైరయ్యాక ఆయన ఘాజియాబాద్‌లో అన్నకొడుకు ఇంటికి వెళ్ళిపోయారు. నేను చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా కాఫీ తనే పెట్టేవారు. పేక మాట మా ఇద్దరి మధ్యా మళ్ళీ రాలేదు. ఒక చలికాలం ఆయనా పోయారు.

ఆయన నేర్పిన విద్యతోనే నా ఉద్యోగమంతా గడిచింది. ఇప్పటికీ ఏ నిర్ణయమైనా అలాగే తీసుకుంటాను, ఇంకోలా నాకు రాదు. ఆ రోజు షాపులోంచి మాత్రలు కొనకుండానే ఇంటికొచ్చి, ఆంటీ ఆపరేషన్ లెక్క మళ్ళీ మొదట్నుంచీ వేశాను. ఆయన కోసమే, ఎక్కడో ఒక చిన్న తప్పు దొరుకుతుందేమోనని ఇన్నేళ్ళుగా వేస్తూనే ఉన్నాను. ఈసారీ ఆపరేషనే సరైనదని తేలింది.